డబ్బా తిప్పి చూడండి: పెద్ద కాస్మెటిక్స్ కంపెనీ నీతిని నేను ఎలా తూస్తానంటే

చెన్నై వడపళనిలో నాకు చిన్న బ్యూటీ పార్లర్ ఉంది. పద్దెనిమిదేళ్లుగా పెళ్లికూతుళ్లకు మేకప్ వేస్తున్నాను. పోయిన ఏడాది మాఘమాసం ముహూర్తాలకు ముందు, ట్రయల్‌కి వచ్చిన ఒకమ్మాయి నా చేతిలో హైలైటర్ డబ్బా చూసి, "అక్కా, ఈ కంపెనీ మంచిదేనా?" అని అడిగింది. చర్మానికి పడుతుందా అని అడుగుతోందనుకుని, "పడుతుందమ్మా, భయం లేదు" అన్నాను.

"అది కాదక్కా. జంతువుల మీద టెస్టులు చేస్తారా, పిల్లల చేత పని చేయిస్తారా, అవి అడుగుతున్నా."

నా దగ్గర జవాబు లేదు. పద్దెనిమిదేళ్లుగా అదే కంపెనీ సరుకు వాడుతున్నాను, ఒక్కసారి కూడా నాకు ఆ ప్రశ్న రాలేదు.

ఆ సాయంత్రం మా అమ్మ అదే డబ్బా తీసి, పొడి వేలికి అద్దుకుని ట్యూబ్‌లైటు కింద పెట్టి చూసింది. కంటి పరీక్షకని గూడూరు నుంచి వచ్చి నా దగ్గరే ఉంది అప్పుడు. "ఏందే ఇది, మన అభ్రకమే కదా!" అంది. పెళ్లికి ముందు ఆరేళ్లు అమ్మ గూడూరు దగ్గర అభ్రకం (మైకా అనే మెరిసే ఖనిజం) షెడ్డులో పనిచేసింది. చిన్న కత్తితో పలక పొరలు విడదీసి, మచ్చలున్నవి ఒక పక్క, అద్దంలా ఉన్నవి ఒక పక్క వేసేది. ఆ తళుకు ఆమెకు కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. మా పెదనాన్న గనిలోకి దిగేవాడు. ఆయన దగ్గు చివరి దాకా తగ్గలేదు.

ఆ రాత్రి నుంచి నేను కొనే ప్రతి బ్రాండు గురించి ఆరా తీయడం మొదలుపెట్టాను. ఇంట్లో వాడుకునేవాళ్లు ఏడాదికి ఒక డబ్బా కొంటే నేను నెలకు ఇరవై కొంటాను. కాబట్టి నాకు బాధ్యత కూడా ఎక్కువే. నెలలు పట్టింది. నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను, మీకు అంత టైమ్ పట్టకుండా.

ముందు ఒక సంగతి. "కంపెనీ మంచిదా, చెడ్డదా" అని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. పదుల దేశాల్లో వందల రకాల సరుకు అమ్మే సంస్థ అది. ప్రశ్నను చిన్నది చేసుకోండి. ఈ డబ్బాలో ఉన్నది ఎక్కడి నుంచి వచ్చింది? దాని కోసం ఎవరి ఒళ్లు అరిగింది? ఎవరికో హాని జరిగిందని బయటపడినప్పుడు కంపెనీ ఏం చేసింది? నేను అన్నిటికంటే ఎక్కువగా చూసేది ఈ చివరిదే.

యజమాని ఎవరో కనుక్కోండి

డబ్బా తిప్పండి. బ్రాండు పేరు కాదు, "తయారీదారు", "మార్కెట్ చేసేవారు", "దిగుమతిదారు" అన్న చోట్ల ఎవరి పేర్లు ఉన్నాయో చదవండి. చాలా సార్లు ముగ్గురూ వేరు వేరు. పేరున్న బ్రాండు సరుకు హిమాచల్‌లోని బద్దిలోనో, హరిద్వార్‌లోనో, పుదుచ్చేరిలోనో వేరే ఎవరి ఫ్యాక్టరీలోనో తయారవుతుంది. మనం నీతి గురించి అడుగుతున్నప్పుడు ఆ ఫ్యాక్టరీ కూడా లెక్కలోకి రావాలి.

తర్వాత బ్రాండు వెనక ఉన్న అసలు కంపెనీ. ది బాడీ షాప్‌నే తీసుకోండి. 1976లో అనితా రాడిక్ ఇంగ్లండులోని బ్రైటన్‌లో ఒక చిన్న కొట్టుగా మొదలుపెట్టారు. జంతు పరీక్షలకు వ్యతిరేకంగా పోరాడిన బ్రాండు అది. 2006లో దాన్ని లోరియల్ కొంది, 2017లో బ్రెజిల్‌కి చెందిన నతురా కొంది, 2023 చివర్లో ఔరేలియస్ అనే పెట్టుబడి సంస్థ చేతికి వెళ్లింది, 2024లో మళ్లీ చేతులు మారింది. కొట్టు మీద బోర్డు మాత్రం అదే. కాబట్టి పదేళ్ల కిందట చదివిన మంచి మాట ఇవాళ్టి యజమానికి వర్తిస్తుందనుకోవద్దు.

బ్రాండుకు వచ్చిన సర్టిఫికెట్ తల్లి కంపెనీ మొత్తానికి వచ్చినట్టు కూడా కాదు. లోరియల్ వాళ్ల గార్నియర్‌కి 2021లో లీపింగ్ బన్నీ ముద్ర (జంతువుల మీద పరీక్షించలేదని చెప్పే కుందేలు బొమ్మ) వచ్చింది. యూనిలీవర్ వాళ్ల డవ్‌కి 2018లో జంతు హక్కుల సంస్థ పెటా గుర్తింపు వచ్చింది. అవి ఆ బ్రాండ్లకే. నేను నా నోటుబుక్కులో రెండు గళ్లు గీసుకున్నాను, ఒకటి బ్రాండుకు, ఒకటి యజమానికి.

లేబులే లేని సరుకుకు ఈ పద్ధతి ఏదీ పనికిరాదు. సౌకార్‌పేట హోల్‌సేల్ గల్లీల్లో ఒకసారి చిన్న తెల్ల డబ్బాల్లో నైట్ క్రీమ్ కొన్నాను, వారంలో రంగు తేలుతుందన్నారు. నా కస్టమర్ ఒకామెకు బుగ్గలు కందిపోయి పొట్టు లేచింది. ఇలాంటి కొన్ని క్రీముల్లో పాదరసం కలుపుతారు, అది కిడ్నీలను పాడు చేస్తుంది. ఆమెకు జరిగినదానికి నాదే తప్పు. తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, పదార్థాల జాబితా లేని డబ్బా అప్పటి నుంచి నా పార్లర్‌లోకి రాలేదు.

కుందేలు బొమ్మ ఎంతవరకు చెబుతుంది

మన దేశంలో 2014 మే నుంచి కాస్మెటిక్స్‌ని జంతువుల మీద పరీక్షించడం నిషేధం. అదే ఏడాది నవంబరు నుంచి, అలా పరీక్షించినవాటి దిగుమతి కూడా నిషేధం. అందువల్ల ఇండియాలో తయారైన డబ్బా మీద "జంతువులపై పరీక్షించలేదు" అని పెద్ద అక్షరాలతో రాస్తే, చట్టం చెప్పింది చేశామని చెప్పుకోవడమే. దానికి అదనంగా మార్కులు వేయకండి.

అడగాల్సింది ఆ కంపెనీ మిగతా దేశాల్లో ఏం చేస్తోందని. చైనాలో 2021 మే 1 దాకా దిగుమతి అయ్యే మామూలు షాంపూలు, లిప్‌స్టిక్‌లకు కూడా జంతు పరీక్ష తప్పనిసరిగా ఉండేది. ఆ తేదీ నుంచి షరతుల మీద మినహాయింపు వచ్చింది, కానీ హెయిర్ డై, సన్‌స్క్రీన్, తెల్లబరిచే క్రీములు వేరే వర్గంలోనే ఉండిపోయాయి. యూరప్‌లో 2013 మార్చి నుంచి జంతు పరీక్షలు చేసిన కాస్మెటిక్స్ అమ్మకమే నిషేధించారు. అయినా అక్కడి రసాయనాల చట్టం కింద కొన్ని ముడి పదార్థాలకు పరీక్షలు అడుగుతూనే ఉన్నారు. కంపెనీ పాలసీలో "చట్టం కోరితే తప్ప" అన్న మాట కనిపిస్తే అక్కడ ఆగి, ఏ చట్టం, ఏ దేశం, ఏ సరుకు అని అడగండి.

కుందేలు బొమ్మల్లో కూడా తేడా ఉంది. లీపింగ్ బన్నీ వాళ్లు ఒక కటాఫ్ తేదీ పెట్టించుకుంటారు. ముడి సరుకు ఇచ్చేవాళ్ల దాకా లెక్క అడుగుతారు, బయటివాళ్ల చేత ఆడిట్ చేయిస్తారు. పెటా జాబితా ఎక్కువగా కంపెనీ రాసిచ్చిన హామీ మీద నడుస్తుంది. ఇక ఏ సంస్థ పేరూ లేకుండా కంపెనీ తనే గీసుకున్న కుందేలుకు విలువ లేదు.

ఆకుపచ్చ చుక్కను చూసి మోసపోకండి. అది లోపలి పదార్థాలు శాకాహారమా కాదా అని మాత్రమే చెబుతుంది. పరీక్షల గురించి ఏమీ చెప్పదు. అలాగే జంతువుల మీద పరీక్షించని ఎర్ర లిప్‌స్టిక్‌లో సీఐ 75470 ఉండొచ్చు, అది పురుగుల నుంచి తీసే రంగు. మా జైన్ కస్టమర్లు ఈ నంబరు నాకంటే ముందే నేర్చుకున్నారు.

అభ్రకం

ఇది నా సొంత విషయం కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను.

పదార్థాల జాబితాలో "మైకా" లేదా "సీఐ 77019" వెతకండి. ఐషాడో, హైలైటర్, షిమ్మర్ ఉన్న బ్లష్, కొన్ని ఫౌండేషన్లు, మెరిసే నెయిల్ పాలిష్, అన్నిట్లో కనిపిస్తుంది. నా మేకప్ పెట్టెలో మొదటి రోజు లెక్కపెడితే ముప్పై ఒక్క డబ్బాల్లో దొరికింది.

గూడూరు అభ్రకం ఒకప్పుడు ఎక్కువగా కరెంటు పరికరాలకు వెళ్లేది, పలకలుగా. సోవియట్ యూనియన్ పెద్ద కొనుగోలుదారు. ఆ దేశం పోయాక మా వైపు షెడ్లు చాలా మూతపడ్డాయి. ఇప్పుడు మేకప్‌కి కావలసింది పెద్ద పలకలు కాదు, పొడి. ఆ పొడికి చిన్న ముక్కలు చాలు. ఝార్ఖండ్‌లోని కోడర్మా, గిరిడీ, వాటిని ఆనుకున్న బిహార్ ప్రాంతాల్లో ఊళ్లకు ఊళ్లు ఈ ముక్కలు ఏరుకుని బతుకుతున్నాయి. 1980 అటవీ చట్టం తర్వాత అక్కడ లైసెన్సు గనులు చాలా ఆగిపోయాయి, కానీ ఏరడం ఆగలేదు. వదిలేసిన గుంతల్లోకి, ఎలుక బొరియల్లాంటి సొరంగాల్లోకి మనుషులు దిగుతారు. పిల్లలు కూడా దిగుతారు. 2016లో థామ్సన్ రాయిటర్స్ ఫౌండేషన్ విలేకరులు, ఆ గుంతలు కూలి పిల్లలు చనిపోతున్నారనీ, ఆ చావులను బయటికి పొక్కనీయడం లేదనీ బయటపెట్టారు. మరుసటి ఏడాది పారిస్‌లో కంపెనీలు కలిసి రెస్పాన్సిబుల్ మైకా ఇనీషియేటివ్ అనే సంస్థ పెట్టుకున్నాయి.

ఇక మీరు చేయాల్సింది. కంపెనీ వెబ్‌సైటులో అభ్రకం గురించి విడిగా పేజీ ఉందా చూడండి. ఉంటే, మూడు విషయాలు వెతకండి. అభ్రకం ఏ దేశం నుంచి వస్తుందో చెప్పారా? ఎంత శాతం గని దాకా ఆనవాలు పట్టారో అంకె ఇచ్చారా? పిల్లలు పనిచేస్తూ దొరికితే ఆ వ్యాపారిని వదిలేస్తారా, లేక ఆ ఇంట్లో పెద్దవాళ్లకు కూలి పెరిగేలా, పిల్లలు బడికి వెళ్లేలా ఏమైనా చేస్తారా? పారిస్ సంస్థలో సభ్యత్వం ఉందని మాత్రమే రాసి వదిలేస్తే, సంఘంలో పేరు రాయించుకున్నారని అనుకోండి. అంతకుమించి ఆ వాక్యానికి బలం లేదు.

కొన్ని కంపెనీలు సహజ అభ్రకం మానేశాయి. లష్ అనే బ్రిటిష్ కంపెనీ ల్యాబ్‌లో తయారుచేసే అభ్రకానికి మారింది. జాబితాలో "సింథటిక్ ఫ్లోర్‌ఫ్లోగోపైట్" అని ఉంటే అదే. పిల్లల చేతులు పడలేదన్న నమ్మకం దానితో వస్తుంది. మొదట్లో నేను ఇదే సరైన దారి అనుకున్నాను. అమ్మతో చెబితే ఆమె మొహం చిన్నబోయింది. "మా షెడ్డు మూసినప్పుడు మమ్మల్ని కాపాడామని ఎవరూ అనలేదే" అంది. ఆ తర్వాత నా అభిప్రాయం మారింది. అక్కడే ఉండి కూలీని, బడిని, గని భద్రతను బాగుచేసే కంపెనీకి నేను ఎక్కువ మార్కులు వేస్తాను, అది రుజువులతో చూపిస్తే. చూపించలేకపోతే సింథటిక్ కొంటాను.

ఇదే పద్ధతి మిగతా ముడి సరుకులకు కూడా పనికొస్తుంది. 2024లో బీబీసీ వాళ్లు ఈజిప్టులో పెద్ద పెర్ఫ్యూమ్ బ్రాండ్లకు వెళ్లే మల్లెపూలను రాత్రిళ్లు పిల్లలు కోస్తున్నారని చూపించారు. మన సత్యమంగళం, మదురై వైపు మల్లెల నుంచి తీసిన సారం కూడా ఫ్రాన్సు పెర్ఫ్యూముల దాకా వెళుతుంది. మల్లె వాసన ఉన్న సీసా పట్టుకున్నప్పుడు, ఏ తోటది, కోసిన చేతికి ఎంత ఇచ్చారు అని అడగొచ్చు.

పామాయిల్ సంగతి తొందరగా చెబుతాను. సబ్బు, షాంపూ నురుగు, క్రీములోని గ్లిజరిన్, స్టియరిక్ యాసిడ్ తరచుగా దాని నుంచే వస్తాయి. ఎక్కువ భాగం ఇండోనేషియా, మలేషియాల నుంచి, అడవులు నరికిన చోట్ల నుంచి కూడా వస్తుంది. మన గోదావరి జిల్లాల తోటలు ఆ లెక్కలో చాలా చిన్నవి. పామాయిల్‌ని బాధ్యతగా పండించారని చెప్పడానికి 2004లో పుట్టిన ఆర్‌ఎస్‌పీఓ సంస్థ ముద్ర ఉంటే అది ఏ రకమో చూడండి. "సెగ్రిగేటెడ్" అంటే సర్టిఫై అయిన నూనెను విడిగా ఉంచారని. "మాస్ బ్యాలెన్స్" అంటే పాలకేంద్రంలో అందరి పాలూ ఒకే క్యానులో పోసి, మంచి పాలు ఎన్ని లీటర్లు వచ్చాయో పుస్తకంలో రాసుకున్నట్టు. "క్రెడిట్స్" అంటే నూనె ఎక్కడిదైనా కావచ్చు, డబ్బు మాత్రం మంచి తోటకు కొంత వెళ్లిందని.

కంపెనీ తనంతట తాను ఒప్పుకునే కాగితం

ప్రకటనల కంటే నాకు బాగా ఉపయోగపడింది బీఆర్‌ఎస్‌ఆర్ అనే రిపోర్టు, అంటే మనుషుల పట్ల, పర్యావరణం పట్ల ఎలా నడుచుకుంటున్నామో కంపెనీ ఏటా ఇచ్చే లెక్క. మా అక్క కొడుకు షోళింగనల్లూరులో ఉద్యోగం చేస్తాడు. ఒక ఆదివారం కూర్చోబెట్టి దీన్ని చదవడం వాడే నేర్పాడు. స్టాక్ మార్కెట్‌లో ఉన్న మొదటి 1,000 కంపెనీలు 2022-23 నుంచి దీన్ని తప్పనిసరిగా ఇవ్వాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నియమం పెట్టింది. హిందుస్థాన్ యూనిలీవర్, గోద్రెజ్ కన్స్యూమర్, డాబర్, మారికో లాంటివన్నీ ఇస్తాయి. కంపెనీ వెబ్‌సైటులో వార్షిక నివేదిక చివర్లోనో, ఎక్స్ఛేంజీల వెబ్‌సైటుల్లోనో ఉచితంగా దొరుకుతుంది.

నూరు పేజీలని భయపడకండి. నేను చూసేవి ఇవి. మొదట్లోనే ఉద్యోగులు, కార్మికుల పట్టిక ఉంటుంది, పర్మనెంట్ ఎంతమంది, పర్మనెంట్ కానివాళ్లు ఎంతమంది అని. ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కార్మికులే ఎక్కువగా ఉంటే, "మా ఉద్యోగులను కుటుంబంలా చూసుకుంటాం" అన్న మాట ఎవరి గురించో అర్థమవుతుంది. మా పార్లర్ ఎదురు హాస్టల్లో ప్యాకింగ్ పనికి వెళ్లే అమ్మాయిలు ఉంటారు. కాంట్రాక్టర్ మారితే వాళ్ల పీఎఫ్ లెక్కే మారిపోతుంది, అందుకే నా కన్ను ముందు ఆ పట్టిక మీద పడుతుంది.

తర్వాతి భాగం సూత్రాల వారీగా ఉంటుంది. మూడో సూత్రం కింద ప్రమాదాలు, మరణాలు. అక్కడ కూడా ఉద్యోగులకు, కార్మికులకు వేర్వేరు వరుసలు ఉంటాయి. ఐదో సూత్రం కింద కనీస వేతనం, ఆడవాళ్ల మధ్యస్థ జీతం, మగవాళ్ల మధ్యస్థ జీతం, లైంగిక వేధింపుల ఫిర్యాదులు. ఫిర్యాదులు సున్నా అని ఉంటే సంతోషపడే ముందు ఆలోచించండి. వేలమంది పనిచేసే చోట ఏళ్ల తరబడి సున్నా ఉంటే, చెప్పుకునే దారి లేదేమో అని నాకు అనుమానం వస్తుంది. కొన్ని ఫిర్యాదులు వచ్చి, అన్నీ పరిష్కరించామని లెక్క చూపించే కంపెనీని నేను ఎక్కువ నమ్ముతాను.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. ఆ రిపోర్టులో కొన్ని ప్రశ్నలు తప్పనిసరి, కొన్ని "లీడర్‌షిప్" ప్రశ్నలు, అంటే ఇష్టమైతే జవాబివ్వొచ్చు. సరఫరాదారుల్లో ఎంత శాతాన్ని పిల్లల చాకిరీ, వెట్టి, వేతనాల విషయంలో తనిఖీ చేశారన్న ప్రశ్న ఈ రెండో రకంలో ఉంది. అభ్రకం ఏరే పిల్ల కనిపించాల్సింది ఆ గడిలోనే. ఆ గడి ఖాళీగా ఉందా, అంకె ఉందా చూడండి. వరుసగా రెండు మూడేళ్ల రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకా మంచిది.

లోరియల్ ఇండియా లాంటివి మన స్టాక్ మార్కెట్‌లో లేవు. అప్పుడు తల్లి కంపెనీ రిపోర్టుకు వెళ్లాలి. ఫ్రాన్సులో 2017లో వచ్చిన చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు తమ సరఫరాదారుల దగ్గర జరిగే హక్కుల ఉల్లంఘనల మీద కూడా ఏటా ఒక ప్రణాళిక ప్రకటించాలి. చెన్నై కెవిన్‌కేర్, బెంగళూరు హిమాలయా లాంటి లిస్ట్ కాని కంపెనీల విషయంలో మనకు దారి ఒకటే, ఉత్తరం రాసి అడగడం.

దొరికిపోయినప్పుడు ఏం చేశారు

తమిళనాడులో ఉండేవాళ్లు కొడైకెనాల్ కథ తెలుసుకోవాలి. క్రీములు, పౌడర్ల పాండ్స్ కంపెనీ 1980లలో అమెరికా నుంచి ఒక థర్మామీటర్ల ఫ్యాక్టరీని తెచ్చి ఆ కొండ మీద పెట్టింది. తర్వాత పాండ్స్ యూనిలీవర్ చేతికి వెళ్లింది, దానితో ఆ ఫ్యాక్టరీ కూడా. 2001లో ఊళ్లోని తుక్కు దుకాణంలో పాదరసం అంటిన గాజు ముక్కలు బయటపడ్డాయి. అదే ఏడాది ఫ్యాక్టరీ మూశారు. 2003లో దాదాపు 290 టన్నుల వ్యర్థాలను అమెరికాకు తిప్పి పంపారు. కార్మికుల ఆరోగ్యానికి హాని జరగలేదని కంపెనీ వాదిస్తూనే వచ్చింది. 591 మంది మాజీ కార్మికులతో ఒప్పందం కుదిరింది 2016లో. ఫ్యాక్టరీ మూసిన పదిహేనేళ్లకు.

ఏ కంపెనీ కథ చదివినా నేను రెండు తేదీలు రాసుకుంటాను, తప్పు బయటపడిన తేదీ, బాధపడినవాళ్లకు ఏదైనా అందిన తేదీ. ఆ రెంటి మధ్య దూరం చాలా చెబుతుంది. తప్పును ఎవరు బయటపెట్టారో కూడా రాసుకుంటాను, కంపెనీయా, ఊరి జనమా అని.

ఇంకో కొలత, అన్ని దేశాల మనుషులనూ ఒకేలా చూశారా అన్నది. జాన్సన్ అండ్ జాన్సన్ టాల్క్ బేబీ పౌడర్ మీద అమెరికాలో వేల కేసులు పడ్డాయి. తమ పౌడర్ సురక్షితమనే కంపెనీ చెబుతూ వచ్చింది. 2020లో అమెరికా, కెనడాల్లో అమ్మకం ఆపుతామంది. మిగతా ప్రపంచానికి ఆపింది 2023లో. శాస్త్రం సంగతి నిపుణులు తేలుస్తారు. కానీ అక్కడి తల్లికి ఒక తేదీ, గూడూరు తల్లికి ఇంకో తేదీ ఎందుకని అడిగే హక్కు మనకుంది.

రంగు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1975 నుంచి ఉన్న ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. పేరు మారినందుకు నేను సంతోషించాను, ఎందుకంటే చామనఛాయ ఆడపిల్లలు నా కుర్చీలో కూర్చుని "అక్కా, కొంచెం తెల్లగా కనిపించేలా వెయ్యి" అని తల దించుకుని అడగడం నేను చూసినన్నిసార్లు ఆ బోర్డు రూములో ఎవరూ చూసి ఉండరు. కానీ పేరు ఒక్కటే చూడకండి. ఆ కంపెనీ ఈ ఏడాది ప్రకటనల్లో ముందు మొహం, తర్వాత మొహం పెట్టి చూడండి, ఛాయ తేడా ఉందా? ఫౌండేషన్ షేడ్లలో మన రంగులు ఎన్ని? మన రంగు తక్కువదన్నట్టు చూపించకూడదని ప్రకటనల మండలి ఏఎస్‌సీఐ 2014లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అలాంటి ప్రకటన కనిపిస్తే వాళ్లకు ఫిర్యాదు చేయొచ్చు. "పర్యావరణానికి మేలు" లాంటి మాటలకు రుజువు చూపించాలని 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు పెట్టింది. అలాంటి ఫిర్యాదులకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

సాషేల గురించి ఒక్క మాట. షాంపూ సాషే మన తమిళనాడులోనే పెరిగింది, పేదింటి పిల్లకు కూడా షాంపూ అందించింది. అదే సాషే వానాకాలంలో మా వీధి కాలువకు అడ్డం పడుతుంది. పలచని పొరలు అతికించి చేసిన ఆ కవరును చెత్త ఏరేవాళ్లు కూడా తీసుకోరు. కంపెనీ ఎన్ని టన్నుల ప్లాస్టిక్ వెనక్కి తెచ్చిందన్న అంకె పక్కన, అందులో సాషేలు ఎన్ని అని అడగండి.

ఉత్తరం రాయండి

చివరికి నేను పదకొండు కంపెనీలకు ఈమెయిల్ పంపాను. పొడుగాటి ఉత్తరం రాస్తే ఏదో ఒక దానికి జవాబిచ్చి మిగతావి వదిలేస్తారు. అందుకే నాలుగు ప్రశ్నలు, ఒక్కోటి ఒక్కో వాక్యం, వరుస నంబర్లతో:

"మీ ఫలానా హైలైటర్‌లో సీఐ 77019 ఉంది, అది ఏ దేశం, ఏ రాష్ట్రం నుంచి వస్తుంది? అందులో ఎంత భాగాన్ని గని దాకా ఆనవాలు పట్టారు? పోయిన ఏడాది ఎన్ని చోట్ల తనిఖీ చేశారు, ఎవరు చేశారు? పిల్లలు పనిచేస్తూ దొరికినప్పుడు ఏం చేశారు?"

కింద నా పార్లర్ పేరు, నెలకు ఎంత సరుకు కొంటానో రాశాను. అది రాయండి, మీరు కూడా. నలుగురు అక్కచెల్లెళ్లు కలిసి రాస్తే ఇంకా బరువుంటుంది.

ఐదుగురు జవాబే ఇవ్వలేదు. నేను ఎన్నో ఏళ్లుగా వాడుతున్న ఒక పెద్ద కంపెనీ, "మేము వర్తించే చట్టాలన్నీ పాటిస్తాము" అన్న ఒకే పేరాను మూడుసార్లు పంపింది. మూడోసారి నాకు నిజంగా ఏడుపొచ్చింది, అమ్మ కత్తి పట్టుకుని కూర్చున్న రోజులు గుర్తొచ్చి. ఇంకో కంపెనీ రెండు పేజీల జవాబు ఇచ్చింది. సగం అభ్రకం దాకానే ఆనవాలు పట్టగలిగామని, మిగతా సగం వ్యాపారుల దగ్గర కలిసిపోతోందని ఒప్పుకుంటూ, ఎప్పటికల్లా పూర్తి చేయాలనుకుంటున్నారో రాసింది. ఆ సగానికే నేను వాళ్ల వైపు మొగ్గాను. తెలియనిది తెలియదని రాసిచ్చిన కంపెనీ అది ఒక్కటే.

మొత్తం మార్కులు కూడి నంబరు తీయడం నేను మానేశాను. కుందేలుకు పది, కార్మికుడికి సున్నా వచ్చిన కంపెనీకి ఐదు అని వేస్తే ఆ ఐదుకు అర్థం లేదు. మీకు ఏది దాటరాని గీతో ముందే పెట్టుకోండి. మా జైన్ కస్టమర్లకు అది జంతువులు. నాకు పిల్లలు, గని. ఆ గీత దాటిన సరుకు కొనను. మిగతావాటిలో ఏడాదికోసారి, ఉగాది ముందు, కొత్త రిపోర్టులు చూసి నోటుబుక్కు సరిచేసుకుంటాను. ఇంట్లో ఉన్న పాత డబ్బాలు పారేయలేదు, వాడేశాను. వాటి కోసం పడ్డ కష్టం ఎలాగూ పడిపోయింది.

ఆ అమ్మాయి పెళ్లికి రెండు పేజీల జవాబిచ్చిన కంపెనీ హైలైటరే వేశాను. పెళ్లయిన మర్నాడు ఆ ఉత్తరాన్ని తెలుగులో అమ్మకు చదివి వినిపించాను. దేశం పేరు, శాతాలు, తనిఖీలు, అన్నీ శ్రద్ధగా వింది. అంతా అయ్యాక, "బాగానే రాశారు గానీ, ఏరేవాళ్లకి కిలోకి ఎంత ఇస్తున్నారంట?" అని అడిగింది.

ఆ ప్రశ్న నా ఉత్తరంలో లేదు. ఐదోదిగా చేర్చి పదకొండు కంపెనీలకూ మళ్లీ పంపాను.